కొట్టేసిన సున్నా

ఆ రోజుకి చిటికె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి సెలవు పెట్టాడు కాబట్టి, పొద్దున భార్యకి కాస్త సాయం చేసి, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని కచేరీకి వెళ్లాలి. ఇంతకన్నా అమాయకమైన పథకం ఎవరూ వేసుకోలేరు. అందులో పరుగులు లేవు, అబద్ధాలు లేవు, పెద్ద కొట్టు గుమ్మం తొక్కడం అసలే లేదు.

చిటికె అతని పేరు కాదు. ఏ పని చెప్పినా "చిటికెలో పని" అంటాడని ఆఫీసులో అలా పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం, కుదురు లేకపోవడం అతని స్వభావం. కూర్చుంటే కాలు ఆడిస్తాడు, నిలబడితే తాళంచెవులు తిప్పుతాడు, భోజనాల దగ్గర ఉప్పు సీసా మూత తీసి మళ్లీ బిగిస్తాడు. ఎక్కడైనా చిన్న వంకర కనిపించిందా, దాన్ని సరిచేసేదాకా లోపల ఏదో పీకుతూనే ఉంటుంది.

భార్యది కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు. తండ్రి నుంచి వచ్చింది. కింద ముందుగదిలో కొట్టు, పైన కాపురం, ఊరి చివర గోడౌను. కొట్టుతోపాటు ఆవిడకి ఇద్దరు మనుషులు కూడా సంక్రమించారు. ఒకరు ముసలి గుమాస్తాగారు. రెండోవారు గోడౌను చూసుకునే బాబాయి, అంటే చిటికెకి చినమామగారు.

ఆ సాయంత్రం ఊళ్లోని పెద్ద హాల్లో సంగీత కచేరీ. ఇన్నేళ్లుగా అక్కడ కుర్చీలు వేసేది ఆవిడకి పోటీగా కుర్చీలు అద్దెకిచ్చే పెద్ద కొట్టువాళ్లు. హాలు కార్యదర్శికి వాళ్లమీద ఎందుకో మనసు విరిగింది. "ఈ ఒక్క కచేరీ ఏ లోటూ లేకుండా జరిపించు తల్లీ, ఇక ఏడాది కార్యక్రమాలన్నీ నీకే" అన్నాడు ఆవిడతో. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆవిడకి అన్నం సహించడం లేదు. తండ్రి పోయాక కొట్టు మూసెయ్యమన్నవాళ్లే అందరూ. నిలబెట్టి చూపించడానికి ఇదొక్కటే అదను.

చిక్కంతా కొట్లో కంప్యూటర్లో ఉన్న లెక్కల ప్రోగ్రాముతో వచ్చింది. అది చిటికె స్వయంగా భార్యకోసం రాసిపెట్టినది. పెద్ద పెద్ద మీటలు, పైన జవాబు కనిపించే వెడల్పాటి గడి, చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఒకటి పాయింటు ఒకటికి రెండు పాయింటు రెండు కలిపితే మూడు పాయింటు మూడు అని చెప్పి ఊరుకోదు. ఆ మూడు వెనక సున్నాలు బారులు తీరి, చిట్టచివర ఇంకో మూడు తోకలా వేలాడుతుంది. కంప్యూటర్ లోపల అంకెలు దాచుకునే పద్ధతే అంత, లెక్క తప్పు కాదు అని చిటికె ఎన్నోసార్లు చెప్పాడు. అయినా ముందు రోజు గుమాస్తాగారు వేదిక మీదికి గుడ్డ కావాలని బట్టల కొట్టుకి ఫోన్ చేసి, తెర మీద ఉన్నదంతా ఒక్క సున్నా కూడా వదలకుండా చదివి వినిపించారు. సగంలోనే అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు.

అందులో ఆయన తప్పేమీ లేదు. ఒకప్పుడు ఆయన మనసులోనే లెక్కలు వేసి, సుమారుగా కుర్చీలు పంపించి, ఓ సభలో సగం మందిని నిలబెట్టారు. అప్పుడు ఆవిడ ఒకటే షరతు పెట్టింది. తెర మీద ఏముంటే అది చెప్పాలి, సొంత లెక్క వెయ్యకూడదు. ఆయన అప్పట్నుంచీ కూరగాయల కొట్లో కూడా సొంతంగా లెక్క వెయ్యడం మానేశారు.

"ఆ తోక కత్తిరించడం చిటికెలో పని" అన్నాడు చిటికె, ఆ ముందు రోజు మధ్యాహ్నమే భోజనం చేస్తూ.

"కచేరీ అయ్యేదాకా దాని జోలికి వెళ్లకండి. తోకుంటే ఉండనీండి, నాకు అలవాటే" అంది భార్య.

"వెళ్లనులే."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాడు చిటికె. అన్నప్పుడు నిజంగానే అనుకున్నాడు. దానికి ఉప్పు సీసాయే సాక్షి.

మర్నాడు, అంటే కచేరీ రోజు, పొద్దున్నే ఆవిడ హాలుకి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ గుమాస్తాగారికి పని అప్పగించింది. "కుర్చీలు పద్దెనిమిది వరసలు, వరసకి ఇరవై. టేబుళ్లు తొమ్మిది చోట్ల అయిదేసి. మంచినీళ్ల గ్లాసులు మనిషికొకటి, పైన ఓ నలభై. లెక్క వేసి బాబాయికి ఫోన్ చేసి చెప్పండి." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరు కొట్లోనే ఉండండి. హాలుకి రావద్దు. మీరక్కడ నిచ్చెనలెక్కితే, మిమ్మల్ని చూసుకోవాలా, పని చూసుకోవాలా?"

ఆవిడ అలా వెళ్లిందో లేదో గుమాస్తాగారు టీ తాగి వస్తానని లేచారు. కొట్లో చిటికె, కంప్యూటరు మిగిలారు. అతను కాసేపు తాళంచెవులు తిప్పాడు. బల్లమీది గుడ్డతో తెర తుడిచాడు. తుడుస్తుంటే పొరపాటున ఏదో మీట నొక్కుకుపోయి, ముందు రోజు గుడ్డ లెక్క తోకతో సహా బయటికి వచ్చింది. దాన్ని చూసి ఊరుకోవడం అతనివల్ల కాలేదు. తోక కత్తిరిస్తే లెక్క మారదు, చూపించే తీరే మారుతుంది, కాబట్టి ఇది ముట్టుకోవడం కిందికి రాదని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. మనసు కూడా వెంటనే ఒప్పేసుకుంది.

ముందుగా పాయింటు తర్వాత రెండంకెలే చూపించమన్నాడు. తోక పోయింది. కానీ ఏడు కుర్చీలని కొడితే ఏడు పాయింటు సున్నా సున్నా అని వచ్చింది. కుర్చీకి పైసలేమిటి, అసహ్యంగా ఉంది అనుకున్నాడు. అందుకని ఇంకో ఆజ్ఞ చేర్చాడు. జవాబు చివర సున్నా కనిపిస్తే కొట్టెయ్, చుక్క కనిపిస్తే కొట్టెయ్, వేరే అంకె తగిలేదాకా ఆగకు. ఏడు కొట్టి చూశాడు, ఏడే వచ్చింది. పన్నెండున్నర కొట్టాడు, పన్నెండు పాయింటు అయిదు వచ్చింది. గుడ్డ లెక్క నున్నగా మూడు పాయింటు మూడు దగ్గర ఆగింది. చివర సున్నా ఉన్న సంఖ్య ఒక్కటి వేసి చూసి ఉంటే ఆ రోజంతా హాయిగా గడిచేది. చూడలేదు. ఈల వేసుకుంటూ పైకి స్నానానికి వెళ్లిపోయాడు.

తల తుడుచుకుంటూ కిందికి దిగేసరికి గుమాస్తాగారు ఎంతో సంతోషంగా ఉన్నారు.

"అల్లుడుగారూ, తోక తీసేశారా? కళ్లకి ఎంత హాయిగా ఉందో. గోడౌనులో చినబాబుగారికి ఫోన్ కూడా చేసేశాను."

"ఇదంతా మీ అమ్మాయిగారికి ఇప్పుడే చెప్పకండి. సాయంత్రం నేనే చెబుతా."

"అలాగే. కానీ నా సంగతే నాకు సిగ్గుగా ఉంది బాబూ. పాత అలవాటు కొద్దీ కుర్చీల లెక్క మనసులో వేశాను. మూడు వందల అరవై వచ్చింది. తెర మీద చూస్తే ముప్పై ఆరు. ఇందుకే అమ్మాయిగారు నన్ను లెక్కలు వెయ్యొద్దన్నది."

చిటికె చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"గ్లాసులెన్ని చెప్పారు?"

"నాలుగు. పాటగాళ్లకి మాత్రమే కాబోలు. టేబుళ్లు నలభై అయిదు."

చిటికె కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, ఆరూ నాలుగూ కలిపాడు. ఒకటి అని వచ్చింది. యాభైకి యాభై కలిపాడు. మళ్లీ ఒకటే వచ్చింది. చుక్క వెనక సున్నాలనే కొట్టెయ్యమనాల్సింది పోయి, చుక్కని కూడా కొట్టేసి ఆగకుండా వెళ్లమన్నాడు. అది చుక్క దాటి ఇవతలికి వచ్చి, దొరికిన సున్నానల్లా మింగేసింది. తువ్వాలు ఇంకా భుజం మీద ఉండగానే చినమామగారికి ఫోన్ కొట్టాడు.

జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే సరిపోయేది. కానీ పక్కన గుమాస్తాగారు ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడ్డారు. పైగా చినమామగారికి చెప్పడమంటే భార్యకి చెప్పడమే. అందుకని దగ్గరి దారి తొక్కాడు.

"చినమామగారూ, పొద్దున గుమాస్తాగారు చెప్పిన లెక్కలకి చివర ఒక సున్నా తగిలించుకోండి. అన్నిటికీ."

"సరే అల్లుడూ" అన్నాడు చినమామగారు. ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాక గుర్తొచ్చింది. టేబుళ్ల లెక్క సరిగ్గానే ఉంది. దానికి సున్నా తగిలిస్తే నాలుగు వందల యాభై టేబుళ్లవుతాయి. మళ్లీ కొట్టాడు.

"టేబుళ్లకి వద్దు. కుర్చీలకే."

"సరే."

"గ్లాసులకి మాత్రం రెండు సున్నాలు."

"సరే."

"మీరు ఎక్కడున్నారిప్పుడు?"

"సరే అల్లుడూ" అన్నాడాయన, ఫోన్ పెట్టేశాడు.

మామూలుగా చినమామగారు పది కుర్చీలు అడిగినా ఎందుకు, ఎవరికి, ఎప్పుడు తెస్తారు అని పది ప్రశ్నలు వేసే మనిషి. చిటికె కంగారులో ఉన్నాడు కాబట్టి అది తట్టలేదు. గబగబా ప్రోగ్రాములో తప్పు దిద్దాడు. ఈసారి పది, వంద, అన్నీ వేసి చూసుకున్నాడు. హమ్మయ్య అనుకుని చొక్కా వేసుకోవడానికి పైకి వెళ్లాడు. దిగేసరికి గుమాస్తాగారు ఫోన్ పెడుతున్నారు.

"తెర మీద లెక్క మారింది బాబూ. ఇప్పుడు మూడు వందల అరవై అంటోంది. చినబాబుగారికి చెప్పేశాను. సరే అన్నారు."

ముప్పై ఆరుకి సున్నా తగిలించమన్నాడు తను. ఇప్పుడు గుమాస్తాగారు మూడు వందల అరవై అన్నారు. దీనికీ సున్నా తగిలించుకుంటే మూడు వేల ఆరు వందలు. లేదూ, కుర్చీలు ముందే ఎక్కించేసి ఉంటే ముప్పై ఆరే. సరే అన్న ఒక్క మాటతో ఏ సరేకి ఏం చేశాడో ఎలా తెలుస్తుంది? మళ్లీ ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. భార్యకి చెయ్యబోయి, ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయాడు. ఇక అక్కడ ఉండలేక స్కూటర్ తీశాడు.

గోడౌనుకి తాళం వేసి ఉంది. కిటికీ చువ్వల్లోంచి తొంగి చూస్తే లోపల బోసిగా ఉంది. గచ్చుమీద దుమ్ములో కుర్చీ కాళ్ల గుర్తులున్నాయి. మూలన కాలు విరిగిన కుర్చీలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. అంతకుమించి తమ కొట్టు నీలం కుర్చీ ఒక్కటి కూడా కనిపించలేదు. ఒక్క క్షణంలో చిటికెకి కథంతా అర్థమైపోయింది. అంటే అర్థమైందనుకున్నాడు. చినమామగారికి ఖాళీగా పడున్న కుర్చీని చూస్తే ఒళ్లు మంట. పొద్దున ముప్పై ఆరే చాలన్నారు కాబట్టి, హాలుకి అవి పంపేసి, మిగతావన్నీ ఇంకెవరికో అద్దెకిచ్చేసి ఉంటాడు. ఇక ఎన్ని సున్నాలు తగిలిస్తే మాత్రం ఏం లాభం?

సాయంత్రం హాలు నిండా జనం నిలబడి ఉన్నట్టు, వాళ్లమధ్య తన భార్య తలవంచుకుని ఉన్నట్టు కళ్లకి కట్టింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఒక్క అదనూ తన చేతులారా పోగొడుతున్నాడు. ఊళ్లో అన్ని కుర్చీలు ఇంకెవరి దగ్గరున్నాయో అతనికి బాగా తెలుసు.

పెద్ద కొట్టాయన అతన్ని చూసి కుర్చీలోంచి లేవలేదు గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది.

"రండి రండి, అల్లుడుగారూ. ఏం ఇలా దయచేశారు?"

"మూడు వందల అరవై కుర్చీలు కావాలి. హాలుకి. ఇప్పుడే."

"హాలుకా? అక్కడ మీవాళ్లు కదా వేసేది?"

"వేస్తాం. మావి కొంచెం, వేరేచోట ఉన్నాయి."

"అయ్యో పాపం" అన్నాడు పెద్ద కొట్టాయన ఎంతో ప్రేమగా. "ఇంత పెద్ద పని మొదటిసారి కదా, ఇలాంటివి మామూలే. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లండి. బండి కూడా నాదే పంపిస్తా. కార్యదర్శిగారికి కూడా ఓ మాట చెబుతాను, ఆయన కంగారు పడకుండా."

"ఆయనకి చెప్పకండి."

"ఛ ఛ, నేనెందుకు చెబుతాను" అన్నాడాయన ఫోన్లో నంబరు వెతుకుతూ.

చిటికె బండి వెనకాలే స్కూటర్ మీద వెళ్లాడు. బండినిండా ఎర్ర కుర్చీలు. ప్రతి కుర్చీ వీపు మీదా పెద్ద కొట్టు పేరు తెల్లరంగుతో, చదువురానివాడికి కూడా కనబడేంత లావుగా రాసి ఉంది. దారంతా ఆ పేరు అతని కళ్లముందు గతుకు గతుక్కీ ఎగిరెగిరి పడింది. తోక తీయబోయి ఏడాది కార్యక్రమాలన్నీ తెంపేశానని, ఇక ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలని, ఒకటే కుమిలిపోయాడు. హాలు రాగానే స్కూటర్ ఎలా నిలబెట్టాడో కూడా చూసుకోకుండా లోపలికి పరిగెత్తాడు.

లోపల నీలం కుర్చీలు పద్దెనిమిది వరసలు, గీత గీసినట్టు వేసి ఉన్నాయి. పక్క వసారాలో టేబుళ్లమీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. వేదిక పక్కన చినమామగారు కూర్చుని తీరిగ్గా గోళ్లు తీసుకుంటున్నాడు. భార్య వేదిక మీద గుడ్డకి గుండుసూదులు పెడుతోంది. చిటికె నోరు తెరిచే లోపే వెనకనుంచి కార్యదర్శి ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏమ్మా, నీ దగ్గర కుర్చీలు లేవట, అరువు తెచ్చుకుంటున్నావట" అంటూనే హాలంతా కలియజూసి ఆగిపోయాడు. మొదటి వరస నుంచి చివరి వరసదాకా చూశాడు. "ఇవేమిటి మరి?"

"కుర్చీలండీ" అంది ఆవిడ. "లేవని ఎవరన్నారు?"

"పెద్ద కొట్టాయన ఇప్పుడే ఫోన్ చేశాడు."

సరిగ్గా అప్పుడే ఎర్ర కుర్చీలు నాలుగేసి చొప్పున గుమ్మంలోకి రావడం మొదలైంది. ఆవిడ కుర్చీలవైపు చూసింది, వాటి వీపులమీద పేరు చదివింది, తర్వాత భర్త మొహం చూసింది. కొట్టు నడిపే మనిషి కదా, మిగతాది చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"అవి బయట వరండాలో వెయ్యండి" అంది కూలివాళ్లతో. కార్యదర్శి వైపు తిరిగింది. "లోపల మూడు వందల అరవయ్యే పడతాయి కదండీ. చోటు లేక బయట నిలబడేవాళ్లు కూడా మీ అతిథులే. ఎందుకైనా మంచిదని తెప్పించాం. మా దగ్గర ఇంకా ఉన్నాయి గానీ, ఆయన బండి ఖాళీగా ఉంటే ఆయనకే చెప్పాం."

కార్యదర్శి ఎర్ర కుర్చీలు మోస్తున్నవాళ్లని చూసి నవ్వాడు. "అరవై అయిదేళ్లొచ్చాయి ఆయనకి. కుర్చీలు మోసిపెడుతూ కూడా పక్కవాళ్లమీద చాడీలు చెప్పడం మానలేదు. ఇక ఈ హాలు సంగతి నువ్వే చూసుకో తల్లీ, ఏడాదికీ" అని, వరండాలో వరసలు వేయించడానికి వెళ్లిపోయాడు. నిజానికి పెద్ద కొట్టాయన జన్మలో విన్నది విన్నట్టు చెప్పిన కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆయనకి అది కలిసిరాలేదు.

చిటికె వేదిక మెట్టు మీద కూలబడ్డాడు. భార్య గుండుసూదుల డబ్బా మూతపెట్టి పక్కన కూర్చుంది.

"ఈ కుర్చీలు ఎప్పుడొచ్చాయి?" అన్నాడు నీరసంగా.

"నిన్న సాయంత్రం."

"నిన్ననే పంపించేశావా? మరి పొద్దున గుమాస్తాగారికి లెక్కలెందుకు అప్పగించావు?"

"మీరిద్దరూ కొట్లో ఉండాలంటే ఏదో ఒక పని చెప్పాలిగా. ఫోన్లో ఎవరేమన్నా సరే అని పెట్టేసెయ్యమని బాబాయికి చెప్పి ఉంచాను."

చినమామగారు గోళ్లమీంచి తలెత్తకుండానే "సరే" అన్నాడు.

"నిన్న సాయంత్రమే పంపాలని ఎందుకనిపించింది?"

ఆవిడ కాసేపు గుండుసూదుల డబ్బా అటూ ఇటూ తిప్పింది. "భోజనాల దగ్గర మీరు ఒట్టు అన్నారు చూడండి, చెయ్యి కడుక్కుని వెంటనే బాబాయికి ఫోన్ చేశాను."

చిటికెకి మనసు చివుక్కుమంది. పొద్దుట్నుంచి పడ్డ కంగారంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. "నా ఒట్టు మీద నీకు అంతేనా నమ్మకం?"

"ముట్టుకోలేదా మరి?"

మెట్టుమీద అంటుకున్న పాత మైనం మరక కనిపిస్తే గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆవిడ కాసేపు చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాదీ తప్పుందిలెండి. మీరు లెక్కల యంత్రం ముట్టుకుంటారనే అనుకున్నాను. పెద్ద కొట్టు గుమ్మం ఎక్కుతారనుకోలేదు. నాకోసం ఆయన దగ్గర చెయ్యి చాచారంటే, ఎంత భయపడి ఉంటారో. ముందే చెప్పేస్తే సరిపోయేది."

"చెప్పాల్సింది" అన్నాడు చిటికె.

"చెబితే రాత్రికి రాత్రే వచ్చి ఆ పద్దెనిమిది వరసలూ సరిచేసేవారు."

అతను వరసలవైపు చూశాడు. ఏడో వరసలో ఒక కుర్చీ కాస్త పక్కకి జరిగి ఉన్నట్టు అనిపించింది. లేవబోయి, ఆవిడ చెయ్యి ఇంకా తన చేతిమీదే ఉండడంతో మళ్లీ కూర్చున్నాడు.

కచేరీ ఏ లోటూ లేకుండా జరిగింది. ఆ ఏడాది పొడుగునా హాలుకి కుర్చీలు ముందు రోజు సాయంత్రమే వెళ్లాయి. వెళ్లిన సంగతి చిటికెకి మాత్రం కార్యక్రమం అయిపోయాక చెప్పేవారు.